పాత కారు కొనాలా వద్దా? బాకీల లెక్క తేల్చే పద్ధతి

పదేళ్లు దాటిన కారు చూడటానికి వెళ్లినప్పుడు అందరం ముందు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఎంతకిస్తారు? రెండూ అడగాల్సినవే. కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఈ బండికి చేయించాల్సి ఉండీ చేయించకుండా వదిలేసిన పనులు ఏమేం ఉన్నాయి?

వాటిని నేను బాకీలు అంటాను. కారు అమ్మేద్దామని ఓనరు అనుకున్న రోజు నుంచే దాని మీద పెట్టే ఖర్చు తగ్గిపోతుంది. టైర్లు ఇంకో ఆర్నెల్లు లాగుతాయిలే అనుకుంటారు. గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి కొన్నవాళ్లు చూసుకుంటారులే అనుకుంటారు. వాళ్ల స్థానంలో ఉంటే మనమూ అంతే చేస్తాం. కాకపోతే తాళంచెవితో పాటు ఆ బాకీలన్నీ మన చేతికొస్తాయి. అడిగిన ధరకు వాటిని కలిపితే వచ్చేదే కారు అసలు ధర.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది నా మొదటి సెకండ్ హ్యాండ్ కారుతో. చూడటానికి ముచ్చటగా ఉండేది. కొత్త సీటు కవర్లు, అద్దంలా మెరిసే పాలిష్. ఇంజిన్‌లో పిస్టన్లనూ వాల్వులనూ ఒక లయలో నడిపే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని అడగాలన్న సంగతే నాకప్పుడు తెలియదు. కొన్న నాలుగో నెలలో రోడ్డు మీద వెళ్తుండగా బెల్ట్ తెగింది. పిస్టన్లు వాల్వులను కొట్టేశాయి, ఇంజిన్ హెడ్ మొత్తం విప్పాల్సి వచ్చింది. కారుకు పెట్టిన డబ్బులో దాదాపు మూడో వంతు ఆ ఒక్క రిపేరుకే పోయింది. ముందే బెల్ట్ మార్పించి ఉంటే అందులో చిన్న భాగంతో సరిపోయేది. ఆ తర్వాత స్నేహితుల కోసం, బంధువుల కోసం చాలా కార్లు చూసిపెట్టాను. చూసే క్రమం మాత్రం ఎప్పుడూ మార్చలేదు. ఆ క్రమమే ఇది.

దశ 1: ఇంట్లోంచి కదలకముందే

రోజుకు ఎంత దూరం తిరుగుతారో ముందు రాసుకోండి. దీన్నిబట్టే ఏ ఇంజిన్ తీసుకోవాలో తేలుతుంది. ఈ తరం డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే వాడకానికి అలాంటి డీజిల్ కారు కొంటే ఫిల్టర్ మూసుకుపోతుంది. మార్చాలంటే ఖరీదు ఎక్కువ. అదే కారు రోజూ హైవే మీద తిరిగేవాళ్ల చేతిలో హాయిగా నడుస్తుంది.

తర్వాత, చూడబోయే మోడల్‌కు ఏ ఏడాదిలో ఏ జబ్బులున్నాయో తెలుసుకోండి. కారు పేరు ఒక్కటే చూస్తే చాలదు. ఒకే పేరుతో అమ్మిన కారులో రెండు మూడు రకాల ఇంజిన్లు, రెండు రకాల గేర్‌బాక్సులు ఉండొచ్చు. ఒకటి మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినా చలించదు, ఇంకొకటి లక్షకే మొరాయిస్తుంది. ఏడాది, ఇంజిన్, గేర్‌బాక్స్, మూడూ కలిపి వెతకండి. ఆ మోడల్ విడిభాగాలు మీరుండే చోట దొరుకుతాయో లేదో ఆ బండ్లు బాగుచేసే మెకానిక్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. కంపెనీ మీ దేశంలో అమ్మకాలు ఆపేసి ఉంటే ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే ముందుకెళ్లండి.

రీకాల్ సంగతీ, అంటే లోపం బయటపడి కంపెనీయే కార్లను వెనక్కి పిలిచిందేమో, ఇప్పుడే చూడాలి. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల విషయం చాలామంది వినే ఉంటారు. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ గురై పాడవుతుంది. అలా పాడైన బ్యాగు విచ్చుకునేటప్పుడు లోపలి లోహపు డబ్బా పగిలి, ముక్కలు ఎదురుగా కూర్చున్నవాళ్ల మీదికి దూసుకొస్తాయి. ఇలా ప్రాణాలు పోయాయి. ప్రపంచవ్యాప్తంగా ఎన్నో కంపెనీల కార్లను కోట్ల సంఖ్యలో వెనక్కి పిలిచారు. 2000 తర్వాత వచ్చిన కార్లలో ఆ పని ఇంకా చేయించుకోనివి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. ఛాసిస్ నంబరు ఇస్తే ఆ బండికి రీకాల్ పని బాకీ ఉందో లేదో కంపెనీ చెబుతుంది. మామూలుగా ఆ పనికి డబ్బు తీసుకోరు. కాబట్టి ఇది బేరానికి సంబంధించిన విషయం కాదు. చేయించాకే బండి ఎక్కాలి, అంతే.

కొన్ని నగరాల్లో పాత బండ్లకు, అందులోనూ డీజిల్ వాటికి, ప్రవేశం మీద ఆంక్షలున్నాయి. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కూడా ముందే అడిగి పెట్టుకోండి.

ఒకే ధరలో రెండు కార్లు నచ్చితే, బండి జారకుండా పట్టే ఈఎస్‌సీ ఉన్నదాన్ని ఎంచుకోమని నా సలహా. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, ఐరోపాలో 2014 నుంచి కొత్త కార్లన్నింటికీ దాన్ని తప్పనిసరి చేశారు. పాత కారుకు మ్యూజిక్ సిస్టమ్ తర్వాతైనా పెట్టించుకోవచ్చు, దీన్ని పెట్టించలేం.

దశ 2: ఫోన్‌లో

అమ్మేవాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడితే సగం కార్లు అక్కడే తేలిపోతాయి. కారు మీ పేరు మీదే ఉందా? ఎన్నేళ్లుగా వాడుతున్నారు? ఎందుకు అమ్ముతున్నారు? ఈ రెండేళ్లలో ఏ పనులు చేయించారు, బిల్లులున్నాయా? నేను ఎక్కువగా గమనించేది చివరి ప్రశ్నకు వచ్చే జవాబు. "పోయినేడాది ముందు షాకబ్జర్లు మార్పించాను, ఏసీ కాస్త తక్కువ చల్లబడుతోంది" అని చెప్పే ఓనరును నేను నమ్ముతాను. "అసలు ఒక్క పైసా పని లేదండీ" అన్నవాళ్ల దగ్గరికి జాగ్రత్తగా వెళ్తాను. పదిహేనేళ్ల బండికి ఏ పనీ లేదంటే, వాళ్లకు తెలియదు, లేదా చెప్పడం లేదు.

పెట్టేముందు ఒక్కటి కోరండి: "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకుండా ఉంచండి." ఎందుకో ఐదో దశలో చెబుతాను.

దశ 3: పత్రాలు, మీటరు

ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ అందులో వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ పొరబడతామని. ఆ నంబరు బాడీ మీద కొట్టిన చోట, ప్లేటు మీద, రిజిస్ట్రేషన్ పత్రంలో ఒక్కటిగా ఉండాలి. కొట్టిన చోట చుట్టూ గీసినట్టో, వెల్డింగ్ చేసినట్టో, కొత్తగా రంగు పూసినట్టో ఉంటే ఇంకేమీ మాట్లాడకుండా వచ్చేయండి. కారు మీద తీరని లోన్ ఉందేమో, కట్టని జరిమానాలున్నాయేమో చూడండి.

మీటరు వెనక్కి తిప్పడం పాత రోగమే. డిజిటల్ మీటరు వచ్చినా పోలేదు. మీటరు అంకెను ఒంటరిగా నమ్మకుండా మిగతావాటితో పోల్చండి. 60,000 తిరిగిందన్న కారులో బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నునుపెక్కిందా? స్టీరింగ్ తోలు మెరుస్తోందా? డ్రైవరు సీటు అంచు నలిగి కుంగిందా? ఇవన్నీ ఉంటే ఆ అంకె అబద్ధం. పాత సర్వీసు బిల్లుల్లో, తనిఖీ పత్రాల్లో, ఆయిల్ మార్చినప్పుడు బోనెట్ కింద అంటించిన స్టిక్కర్ మీద రాసిన రీడింగులు తేదీ క్రమంలో పెరుగుతూ రావాలి. పుస్తకంలో కొట్టిన ముద్రలకంటే బిల్లులకే విలువ ఎక్కువ. ఏ భాగం మార్చారో బిల్లు చెబుతుంది, ముద్ర చెప్పదు.

తక్కువ తిరిగిన కారే మంచిదన్న నమ్మకం గురించి ఒక మాట. పదిహేనేళ్లలో 40,000 కిలోమీటర్లే తిరిగిన కారంటే నెలల తరబడి ఒకేచోట నిలబడి ఉన్న కారు. రబ్బరు సీళ్లు ఎండిపోయి ఉంటాయి. టైర్లు అరగకపోయినా ముసలివైపోతాయి. తేమను పీల్చుకునే గుణమున్న బ్రేక్ ఆయిల్ పాడై ఉంటుంది. టైమింగ్ బెల్ట్‌కు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది కాబట్టి అదీ దాటిపోయి ఉంటుంది. పదేళ్లలో రెండు లక్షలు హైవే మీద తిరిగి, ప్రతి ఆయిల్ మార్పుకూ బిల్లున్న కారు పక్కన నిలబెడితే నేను రెండు లక్షలు తిరిగినదే తీసుకుంటాను. ఇప్పటికి రెండుసార్లు అలాంటిదే ఇప్పించాను కూడా.

దశ 4: పగటి వెలుగులో, పొడి బాడీ మీద

అప్పుడే కడిగి తడిగా ఉన్న కారునూ, వీధి దీపం కింద ఉన్న కారునూ చూసి నిర్ణయం తీసుకోకండి. నీళ్లు గీతలనూ రంగు తేడాలనూ కప్పేస్తాయి.

అన్నింటికంటే ముందు తుప్పు. ఇంజిన్ మార్చొచ్చు, గేర్‌బాక్స్ మార్చొచ్చు, కుళ్లిపోయిన బాడీని మాత్రం బాగుచేసి లాభం లేదు. అయితే తుప్పంతా ఒకటి కాదు. తలుపు అంచున, సైలెన్సర్ గొట్టం మీద కనిపించే పైపై తుప్పు పాత కారుకు సహజం. భయపడాల్సింది బరువు మోసే చోట్ల వచ్చినదానికి. తలుపుల కింద ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా పొడవుగా ఉండే పట్టీలు, షాకబ్జర్ల పైకొసలు బిగించిన చోట్లు, సస్పెన్షన్ పట్టుకున్న ఫ్రేము, బ్రేకు గొట్టాలు, ఫ్లోరు. అక్కడ రంగు పొంగి బుడగలు కట్టి ఉంటే లోపలివైపు నుంచి కుళ్లుతోందని అర్థం. బొటనవేలితో గట్టిగా నొక్కండి. కరకరమని లోపలికి పోతే అది ఇక కారు కింద లెక్క కాదు. ఉప్పు చల్లే మంచు ప్రాంతాల్లోనో సముద్రం పక్కనో తిరిగిన బండి అయితే ఈ తనిఖీకి రెట్టింపు సమయం పెట్టండి.

యాక్సిడెంట్ గుర్తులు తర్వాత. తలుపులకూ బాడీకీ మధ్య సందు రెండువైపులా ఒకేలా ఉందా? బోనెట్, ముందు ఫెండర్ల బోల్టుల తలల మీద స్పానరు పెట్టి తిప్పిన గీతలున్నాయా? అద్దాల మూలన చిన్న అంకెల్లో తయారీ కాలం ఉంటుంది. అన్ని అద్దాలూ ఒకే కాలానివై, ఒకటి మాత్రం వేరైతే ఎందుకు మార్చారో అడగండి. రాయి తగిలి కూడా పగిలి ఉండొచ్చు కనుక అదొక్కటే సాక్ష్యం కాదు. రంగు మందం కొలిచే చిన్న పరికరం దొరికితే తీసుకెళ్లండి. కంపెనీ రంగు సుమారు 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక ప్యానెల్ మీద 300 చూపిస్తే మళ్లీ రంగు వేశారు. వెయ్యి దాటితే టింకరింగ్ చేసి, కింద పుట్టీ నింపారు. గీత పడ్డ తలుపుకు రంగు వేయించడంలో తప్పేమీ లేదు. తలుపుల మధ్య నిలువు స్తంభాల మీద, డిక్కీ ఫ్లోరులో, ముందు ఛాసిస్ కొసల మీద మడతలూ కొత్త వెల్డింగూ కనిపిస్తే మాత్రం అది పెద్ద దెబ్బ.

ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపముంది. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి. విచ్చుకున్న బ్యాగులను మార్చకుండా లైటు పీకేసినవాళ్లున్నారు.

వరద నీళ్లలో మునిగిన కారును ఎంత శుభ్రం చేసినా కొన్ని చోట్లకు చెయ్యి పోదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. నీటి చార, మట్టి రంగు అక్కడ దొరుకుతాయి. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ కింద గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ల లోపల ఆవిరి, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన. కారులో సెంటు వాసన ఘాటుగా ఉంటే తలుపులు మూసి పది నిమిషాలు ఎండలో ఉంచి మళ్లీ వాసన చూడండి. మునిగిన కారు వైరింగ్ ఈరోజు బాగానే ఉంటుంది, ఏడాది తర్వాత ఒక్కొక్కటిగా చంపుతుంది. ఎంత చవకగా వచ్చినా వద్దు.

టైర్ల పక్కన డాట్ అన్న గుర్తు తర్వాత వచ్చే అంకెల్లో చివరి నాలుగూ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్లు దాటితే పగుళ్లు జాగ్రత్తగా చూడాలి, పదేళ్లు దాటితే గాడి ఎంత లోతున్నా మార్చాల్సిందే. టైరు ఒక అంచునే అరిగిందంటే అలైన్‌మెంట్ తప్పింది, లేదా సస్పెన్షన్‌లో పని ఉంది.

దశ 5: చల్లటి ఇంజిన్

ముందుగా స్టార్ట్ చేయొద్దని చెప్పింది ఇందుకే. వేడెక్కిన ఇంజిన్ తన జబ్బుల్ని దాచుకుంటుంది. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకు ఈ పరీక్ష కుదరదు. ఇంకో రోజు వస్తానని చెప్పండి.

స్టార్ట్ చేసేముందు ఆయిల్ ఎంతుందో చూపే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ను, తీసి చూడండి. ఆయిల్ నల్లగా ఉండటం పెద్ద లోపం కాదు, డీజిల్ ఇంజిన్లో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. కనీస గీతకంటే తక్కువ ఉంటే మాత్రం ఓనరు పట్టించుకోలేదనీ, ఇంజిన్ ఆయిల్ తాగుతూనో కారుతూనో ఉందనీ అర్థం. ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో జిగురు ఉంటే నీళ్లు కలిశాయి. చిన్న దూరాలే తిరిగే బండిలో ఆవిరి పేరుకుని కూడా కొంచెం అలా కనిపించొచ్చు. డిప్‌స్టిక్ మీద కూడా అదే ఉంటే ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోయి ఉండొచ్చు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఉండే డబ్బాలో నూనె తెట్టు తేలుతుందేమో చూడండి. రేడియేటర్ మూతను ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే విప్పాలి. వేడి మీద విప్పితే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

ఇప్పుడు స్టార్ట్ చేయమనండి, మీరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడండి. సెల్ఫ్ ఒకటి రెండు సెకన్లలో అందుకోవాలి. మొదటి కొన్ని సెకన్లు ముందు నుంచి గొలుసు కొట్టుకున్నట్టు గలగల వినిపిస్తే టైమింగ్ చైన్ సాగి ఉండొచ్చు. బెల్ట్ బదులు చైన్ ఉన్న ఇంజిన్‌కు మార్పే అక్కర్లేదంటారు, కానీ ఆయిల్ సరిగా మార్చని బండిలో చైన్ కూడా సాగుతుంది. దాన్ని మార్చడం బెల్ట్ కంటే ఖర్చు.

పొగ రంగు చాలా చెబుతుంది. చలి ఉదయాన పల్చటి తెల్లటి ఆవిరి వచ్చి రెండు మూడు నిమిషాల్లో పోతే అది మామూలు. వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంటే కూలెంట్ కాలుతోంది. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి వచ్చి ఆగితే వాల్వు సీళ్ల పని. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వస్తుంటే పిస్టన్ రింగుల దాకా అరిగింది. నల్లపొగ ఇంధనం ఎక్కువగా కాలుతోందని చెబుతుంది. సెన్సారు, ఇంజెక్టరు, గాలి ఫిల్టర్, ఏదైనా కావొచ్చు. మిగతా రెండింటికంటే దీనికి తక్కువ భయపడతాను.

ఇంజిన్ నడుస్తుండగా, ఇంకా వేడెక్కకముందే, రేడియేటర్ పైగొట్టాన్ని నొక్కి చూడండి. ఒకటి రెండు నిమిషాలకే రాయిలా గట్టిపడిందంటే సిలిండర్లోని గ్యాసు కూలెంట్‌లోకి వెళ్తోంది. తర్వాత ఆయిల్ మూత కొంచెం వదులు చేసి చూడండి. పల్చగా ఆవిరి వస్తే ఫర్వాలేదు. రైలింజన్‌లా గుప్పుగుప్పుమని పొగ ఎగదన్నుతుంటే ఇంజిన్ లోపల అరుగుదల ఎక్కువ.

చివరగా నేను ఎప్పటికీ మరిచిపోని ప్రశ్న: టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు, బిల్లుందా? మోడల్‌ను బట్టి దీని గడువు సాధారణంగా 60,000 నుంచి 1,50,000 కిలోమీటర్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క రాసుకోండి. "మార్చారంట" అన్న మాటకు లెక్కలో సున్నా విలువ.

దశ 6: అరగంట నడిపి చూడటం

పాటలు ఆపండి, ఏసీ ఆపండి, అద్దాలు దించండి. అమ్మేవాళ్లు మాటలు కలిపితే, కాసేపు బండి చప్పుడు వింటానని మర్యాదగా చెప్పండి.

మాన్యువల్ గేరు బండి అయితే 40 కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరు వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ చప్పుడు ఎగిసి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే బ్రేకు మీద కాలుంచి రివర్స్‌లోకీ, మళ్లీ ముందుకీ మార్చండి. ఒకటి రెండు సెకన్లకు మించి ఆలస్యమైనా, ధబ్బుమని తోసినా గేర్‌బాక్స్‌లో ఏదో ఉంది. నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకు వస్తుందేమో చూడండి. పాత కారులో నన్ను బాగా టెన్షన్ పెట్టేది ఆటోమేటిక్ గేర్‌బాక్సే. దాని ఖర్చు కొన్నిసార్లు కారు ధరలో సగానికి చేరుతుంది.

ఖాళీ స్థలంలో స్టీరింగ్ చివరిదాకా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. టకటకమంటే ముందు చక్రాలకు శక్తినిచ్చే జాయింట్లు అరిగాయి. వేగంతో పాటు పెరిగి, మలుపులో తగ్గుతూ పెరుగుతూ ఉండే హోరు వీల్ బేరింగ్‌ది. గతుకుల్లో ఠంగుమంటే సస్పెన్షన్ బుష్‌లో, లింకులో అరిగి ఉంటాయి. ఇవన్నీ బాగుచేయగలిగినవే, లెక్కలో రాసుకుంటే చాలు. వెనక బండి లేదని చూసుకుని గట్టిగా బ్రేకు వేయండి. స్టీరింగ్ వణికినా, బండి ఒకపక్కకు లాగినా రాసుకోండి.

తిరిగొచ్చాక వెంటనే ఆపేయకండి. ఏసీ వేసి పది నిమిషాలు నిలబెట్టే నడపండి. ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే ఉండాలి, ఫ్యాన్ తిరుగుతూ ఆగుతూ ఉండాలి. కింద కొత్తగా చుక్కలు పడ్డాయేమో చూడండి. ఏసీ నుంచి కారే మంచినీళ్లు మామూలే.

దశ 7: మీకు తెలిసిన మెకానిక్

పైవన్నీ దాటిన కారును మాత్రమే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు. ఆ మోడల్ బాగా తెలిసినవారు, బండిని లిఫ్టు మీద ఎత్తి కింద నుంచి చూడగలిగినవారు కావాలి. దీనికి పెట్టే ఖర్చును దండగ అనుకోకండి. అడ్డుకున్న ఒక్క చెడ్డ కారు పది తనిఖీల ఖర్చు మిగులుస్తుంది.

కారు కంప్యూటరులో నమోదైన తప్పుల కోడ్‌లను చదివే స్కానర్ పెట్టించండి. దాన్ని తగిలించే ఓబీడీ పోర్టు అమెరికాలో 1996 నుంచి తప్పనిసరి. ఐరోపాలో పెట్రోల్ కార్లకు 2001, డీజిల్‌కు 2004 నుంచి. తప్పుల కోడ్‌లు లేవని సంతోషించేముందు, కారు తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూడమనండి. చాలావరకు "పూర్తి కాలేదు" అని వస్తే ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. రెండింటిలో ఏదో తేలాలంటే వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. చూడనివ్వకపోతే జవాబు వచ్చినట్టే. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో అయితే పెద్ద బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో ముందు చూడాలి. దాని ముందు మిగతావన్నీ చిన్నవే.

దశ 8: కాగితం మీద లెక్క

ఇక్కడికొచ్చేసరికి మనసు ఆ కారు మీదికి పోయి ఉంటుంది. అందుకే నోటి లెక్క పనికిరాదు, రాయాలి. దొరికిన పనులను మూడుగా విడదీయండి: నడపడానికి ముందే చేయించాల్సినవి, ఏడాదిలోపు తప్పనివి, వస్తాయో రావో తెలియనివి. మొదటి రెండింటికీ మెకానిక్‌ను అంచనా అడగండి. మూడోదానికి కొంత నిల్వ పెట్టండి. నేనైతే ధరలో 15 శాతం పెడతాను.

ఉదాహరణకు ఒక కారు ధర 100 అనుకుందాం. టైర్లకు 9, టైమింగ్ బెల్ట్‌కూ వాటర్ పంప్‌కూ 8, బ్రేకులకు 4, సస్పెన్షన్‌కు 5, అన్ని ఆయిళ్లకు 4. బాకీ మొత్తం 30. నిల్వ 15 కలిపితే ఆ కారు అసలు ధర 145. పక్కనే 120 అడుగుతున్న అదే మోడల్ ఉంది. బెల్ట్, టైర్లు పోయినేడాదే మార్చారు, బిల్లులున్నాయి. దానికి ఆయిళ్లు 4, మొదటిదానికి పెట్టిన 15 నిల్వే దీనికీ వేస్తే 139. ఖరీదైనదిగా కనిపించిన కారే చవక. సెకండ్ హ్యాండ్ కార్ల విషయంలో ఈ తలకిందుల లెక్క నాకు తరచూ ఎదురవుతుంది.

ఇంకో అడుగు వేయండి. మూడేళ్లు వాడి అమ్మితే ఆ రెండో కారుకు 40 వస్తుందనుకుంటే, పోయేది 99, అంటే ఏడాదికి 33. ఇప్పుడు కొంచెం కొత్త కారొకటి 220కి ఉంది, మూడేళ్లలో 10 ఖర్చు, తర్వాత 130కి పోతుంది. పోయేది 100. రెండూ దాదాపు ఒకటే! పాత కారు దానంతటదే చవక కాదని ఈ లెక్క వేసినప్పుడే తెలుస్తుంది. అయితే 220 చేతిలో లేక లోన్ తీసుకోవాల్సి వస్తే వడ్డీ కూడా కలపాలి. అప్పుడు పాతదే గెలుస్తుంది. పాత కారు గ్యారేజీలో ఉన్న రోజుల్లో మీకు వేరే దారి ఉందా అన్నదీ చూసుకోవాలి. ఆ ఒక్క బండి మీదే ఇంటి సంపాదన ఆధారపడి ఉంటే నేను కొత్తదాని వైపే మొగ్గుతాను.

కొన్నింటికి లెక్కే అక్కర్లేదు. ఛాసిస్ నంబరు తేడా, బరువు మోసే చోట తుప్పు, వరదలో మునిగిన గుర్తులు, కూలెంట్‌లో ఆయిల్, ధబ్బుమనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, పత్రాల్లో ఓనరు కాని మనిషి అమ్మడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ధర ఎంత తగ్గించినా కొనను. "ఇంకొకరు అడ్వాన్స్ ఇస్తామంటున్నారు" అని తొందరపెడితే వాళ్లకే ఇచ్చేయమని చెప్పడం నేర్చుకోండి. మొదటిసారి కష్టంగా ఉంటుంది.

బేరం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కారును తిట్టకండి, బాకీల కాగితం ముందుపెట్టండి. ఓనరుకు అది ఎంతో ప్రేమగా వాడుకున్న బండి. "ఈ ఐదు పనులకు ఇంతవుతుందని మెకానిక్ రాసిచ్చారు, ఇది తగ్గించి ఇవ్వగలరా?" అంటే చాలామంది కొంతైనా దిగుతారు.

దశ 9: కొన్న మొదటి వారం

బిల్లు లేని ప్రతి పనీ జరగలేదనే అనుకుని మొదలుపెట్టండి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించండి. టైమింగ్ బెల్ట్ గురించి ఏమాత్రం అనుమానమున్నా అది మార్చేదాకా దూర ప్రయాణం పెట్టుకోకండి. నిల్వ డబ్బును కొత్త సీటు కవర్లకు వాడకండి.

ఒక చిన్న నోటు పుస్తకం కారులో పెట్టి ఆయిల్ మార్చిన రోజు మీటరు రీడింగు రాయండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక, ఉదయాన్నే, చదునైన నేల మీద డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దగ్గరే ఉంటే ఇంజిన్ గురించి మీరు కట్టిన లెక్క సరైనదే. కింది గీతకు దిగిపోయి ఉంటే నిల్వలోంచి కొంత దానికోసం ఇప్పుడే పక్కన పెట్టి, మళ్లీ 500 కిలోమీటర్లకు చూడండి.